హెచ్‌ఓఏ వారికి జోహార్లు

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది తామే యజమానులమని పొరబడుతుంటారు. గుమ్మానికి మామిడాకులు కట్టి, పాలు పొంగించి, ఆ భ్రమకు ముహూర్తం కూడా పెట్టిస్తారు. అసలు యజమాని ఎవరో తెలియాలంటే హెచ్‌ఓఏ (వాకిట్లో గడ్డి ఎత్తుతో సహా కాలనీ బాగోగులు చూసే ఇళ్ల యజమానుల సంఘం) డ్యూస్, అంటే ఆ సంఘానికి కట్టాల్సిన రుసుం, ఓ రెండు విడతలు ఎగ్గొట్టి చూడాలి. ముందు ఇంటి మీద లీన్, అంటే బాకీ తీరేదాకా సంఘానికి ఇంటిపై హక్కు, పడుతుంది. ఆపైన లాయరు ఉత్తరం వస్తుంది, దాని ఫీజూ మన ఖాతాలోనే.

టెక్సస్ రాజ్యాంగం సొంతింటిని కంటికి రెప్పలా కాపాడుతుంది. క్రెడిట్ కార్డులవాళ్లు, ఆసుపత్రివాళ్లు తలకిందులుగా తపస్సు చేసినా ఆ ఇంటిని వేలం వేయించలేరు. హెచ్‌ఓఏకి మాత్రం 1987లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే తలుపు తీసింది. న్యాయమే కదా! ఆసుపత్రి ప్రాణం నిలబెట్టి ఉండొచ్చు, కానీ ఏనాడైనా మన వాకిట్లో గడ్డి ఎత్తు పట్టించుకుందా?

టెక్సస్‌లోనే, తెలుగువాళ్లు దండిగా ఉండే ఫ్రిస్కో ఊళ్లో ఈ సేవ ఎంత నిష్పక్షపాతంగా సాగుతుందో 2010లో దేశమంతా చూసింది. ఒక సైనికాధికారి ఇరాక్‌లో ఉన్నాడు. ఇక్కడ హెచ్‌ఓఏకి సుమారు 800 డాలర్ల బాకీ. మూడు లక్షల డాలర్ల ఇల్లు వేలంలో 3,500కు వెళ్లిపోయింది. దేశం కోసం పోరాడుతున్నాడని వదిలేస్తే రేపు ప్రతివాడూ డ్యూస్ ఎగ్గొట్టడానికి యుద్ధానికి బయల్దేరడూ? పాపం, సైనికులను కాపాడే ఫెడరల్ చట్టం ఒకటి అడ్డొచ్చింది. చివరికి రాజీ కుదిరి ఇల్లు మళ్లీ అతనికే దక్కింది. హెచ్‌ఓఏల ఘనచరిత్రలో అదొక మచ్చ.

నెవాడా ఆ మచ్చను కడిగేసింది. తొమ్మిది నెలల డ్యూస్‌కి అక్కడ ‘సూపర్ లీన్’ హోదా ఉంది, అంటే బ్యాంకు అప్పు కన్నా అదే ముందు. 2014లో అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో ఇంటిని వేలంలో కొన్నవారు పెట్టింది 6,000 డాలర్లు. దాంతో బ్యాంకుకున్న 8,85,000 డాలర్ల తాకట్టు హక్కు తుడిచిపెట్టుకుపోయింది. బ్యాంకును ఏడిపించగల శక్తి ఈ భూమ్మీద ఇంకెవరికుంది చెప్పండి?

కాలిఫోర్నియాది మరీ మెత్తని మనసు. బాకీ 1,800 డాలర్లు చేరేదాకానో, ఏడాది దాటేదాకానో అక్కడ ఇల్లు వేలానికి పెట్టకూడదట. ఇలాగైతే క్రమశిక్షణ ఎలా వస్తుంది?

టెక్సస్‌లో ఈ వేలాలు మామూలుగా నెలలో మొదటి మంగళవారం జరుగుతాయి. మంగళవారం లక్ష్మిని గడప దాటించకూడదనే పట్టింపు ఉన్నవారు సోమవారమే కట్టేయడం మంచిది.