పుట్ గారికి ఒక ట్యూషన్ మాస్టారి మనవి

మహారాజశ్రీ ఇంగ్లీషు క్రియ పుట్ (put) గారికి,

కోనసీమలో ఇంటి అరుగు మీద ఇంగ్లీషు ట్యూషన్ చెప్పుకు బతికే ఒక మాస్టారు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం. నా సంగతి కిందికి చదివితే తెలుస్తుంది.

'బట్'కి ఒక పలుకూ మీకొక పలుకూ ఎందుకండీ అనే పాత తగువుతో రాలేదు. ఆ జోకు పాచిపోయింది. ఒంటరిగా ఉన్నంతసేపు మీరు పెద్దమనిషే. పేచీ అంతా మీ స్నేహాలతో. పక్కకి అవుట్ చేరితే ఒక మనిషి, డౌన్ చేరితే ఇంకో మనిషి, ఆఫ్ చేరితే అసలు మనిషే కాదు.

మొన్న కార్తీక మాసంలో సాయంత్రం నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. 'పుట్ అవుట్ ద ల్యాంప్' తెలుగులో రాయమని ఇచ్చాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి గుండ్రటి అక్షరాలతో 'దీపం బయట పెట్టుము' అని రాసింది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. చుట్టడం పూర్తయ్యీ అవకముందే లోపల్నుంచి మా అమ్మ కేక: "ఒరేయ్, చీకటి పడిపోతోంది, దీపం బయట పెట్టరా!" ఆ పిల్ల ఏమీ అనలేదు. సున్నా వంక ఒకసారీ నా వంక ఒకసారీ చూసింది, అంతే.

పుట్ అంటే పెట్టు, అవుట్ అంటే బయట అని నేర్పింది నేనే కదండీ. మా అమ్మ చెప్పినట్టు పెడితే గుమ్మంలో దీపం వెలుగుతుంది, మీరు చెప్పినట్టు పెడితే ఆరిపోతుంది. వేసవిలో తాటాకిల్లు అంటుకుంటే ఫైరింజన్ వాళ్లొచ్చి చేసేదీ పుట్ అవుటేనట. 'నిప్పు పెట్టి వెళ్లారు' అని రాసిన కుర్రాడికి ఏం మార్కులు వేయమంటారు?

మీ సావాసగాళ్లలో విత్ ఒక్కడే మా పిల్లలకి ఇట్టే అర్థమయ్యాడు. 'దే పుట్ మీ అప్' అంటే నన్ను ఇంట్లో పెట్టుకుని ఆతిథ్యం ఇచ్చారని. 'దే పుట్ అప్ విత్ మీ' అంటే నన్ను భరించారని. విత్ వచ్చి చేరిందంతే, ఇంటివాళ్ల మనసే మారిపోయింది. ఇది చెప్పడానికి నాకు బోర్డు కూడా అక్కర్లేకపోయింది. సంక్రాంతికి కొత్తల్లుడు రావడం చూడని పిల్లలు మా వైపు ఎవరున్నారు? భోగి నాడు గుమ్మంలో కాళ్లకి నీళ్లు, మంచం మీద ఉతికిన దుప్పటి. విస్తట్లో అరిసె, ఆ పక్కన ఆత్రేయపురం పూతరేకు, ఇంకా చోటుంటే కాకినాడ కాజా. కనుమ దాకా అంతా పుట్ అప్. ముక్కనుమ నాడు అల్లుడు గారు సోఫాలో కాళ్లు చాపి, "ఇంకో వారం సెలవు పెట్టానండి మావయ్య గారూ" అంటారు చూడండి, అప్పుడు వంటింట్లో గిన్నె కాస్త గట్టిగా దించిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడే విత్ అని చెప్పాను. అరుగంతా ఒకటే నవ్వు. ఈ ఒక్క పాఠానికి మాత్రం మీకు రుణపడి ఉన్నాను.

డౌన్ సంగతి తలుచుకుంటే భయం. పేరు రాసుకోవడమూ అదే, నలుగురిలో మనిషిని తీసిపారేయడమూ అదే. రోగంతో తీసుకుంటున్న కుక్కకి సూది వేసి చంపించడమూ అదే. మా కుర్రాడొకడు 'కుక్కను కిందకు దించారు' అని రాసి హాయిగా నిద్రపోయాడు. వాడి అమాయకత్వం చెడగొట్టలేక టిక్కు పెట్టేశాను.

పోనీ నడకైనా తిన్నగా ఉంటుందా అంటే అదీ లేదు. మీటింగు వాయిదా వేస్తే 'పుట్ ఆఫ్ ద మీటింగ్' అనొచ్చు, 'పుట్ ద మీటింగ్ ఆఫ్' అనీ అనొచ్చు. ఇట్ వచ్చిందా, బక్కపలచటివాణ్ణి రావులపాలెం ఆటోలో ఇరికించినట్టు ఖచ్చితంగా మధ్యలో ఇరికించాల్సిందే. 'పుట్ ఆఫ్ ఇట్' అంటే తప్పు. సరే అని పిల్లలు అది బట్టీ పట్టారో లేదో, పుట్ అప్ విత్ దగ్గర ఇట్ మళ్లీ చివరి సీటుకి వెళ్లిపోయింది. ఇక కాలాల సంగతి. నిన్నా పుట్టే, ఇవాళా పుట్టే. 'ఐ పుట్' అంటే పెట్టేశారో, రోజూ పెడుతుంటారో మీకే తెలియాలి.

మా గోదావరీ ధవళేశ్వరం దాటాక పాయలవుతుంది, కాదనను. అయితే వసిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుందనీ వైనతేయ ఓడలరేవు దగ్గర కలుస్తుందనీ మా చిన్నపిల్లలు కూడా చెబుతారు. మీ పాయలు ఎక్కడ తేలతాయో మీవాళ్లకే తెలియదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. రాజమండ్రిలో కూడా కొలువు చేసిన బ్రౌన్ దొర నిఘంటువు అచ్చయిందీ ఆ ఏడే. ఒక దొర నీళ్లని కాలువల్లోకి మళ్లించి లాకులు వేయించాడు. మీకు లాకులు వేయడం రెండో దొర వల్ల మాత్రం ఏమవుతుంది, పాపం. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 1989 కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ, అంటే పెద్ద పీట, సెట్ గారిది. తర్వాతి సవరణల్లో కొన్నాళ్లు అది మీ కిందకొచ్చింది. ఇప్పుడు రన్ గారు ఒక్క క్రియగానే 645 అర్థాలతో దాని మీద కూర్చున్నారట. పీట పోయినందుకు మీకు బాధగా ఉంటే ఉండొచ్చు గానీ, మా అరుగు మీద ఎవరూ ఏడవలేదు.

ఇంతా రాశాక ఒకటి దాచడం పద్ధతి కాదు. ఇదంతా పిల్లల ముందు ఏకరువు పెడుతుంటే వెనక వరసలో రొయ్యల చెరువుల వైపు కుర్రాడు లేచాడు. "మాస్టారూ, మా ఊళ్లో ఒకాయన పొలం తాకట్టు పెట్టి, చెరువుకి పెట్టుబడి పెట్టి, రొయ్యకి రోగమొచ్చాక దివాలా తీసి ఐపీ పెట్టి, అప్పులాళ్లు ఫోన్ చేస్తే పెట్టేసి, ఊరికో దండం పెట్టి హైదరాబాదు పోయాడండి. దీన్ని ఇంగ్లీషులో చెప్పండి" అన్నాడు.

ఒక మనిషి జీవితం, అయిదారు పెట్టులు. మిమ్మల్ని పిలిచాను. పెట్టుబడి దగ్గర 'ఇంటూ'ని వెంటేసుకుని వచ్చారు, ఫోను దగ్గర మళ్లీ ఆ డౌన్‌నే తెచ్చారు. ఐపీ దగ్గర ముఖం చాటేశారు. దండం దగ్గరైతే మీ ఊసే లేదు. "మన పెట్టు వేరురా, అది నుడికారం" అని సర్దిచెప్పాను. నా పెట్టుడు పళ్లు ఆ సమయానికి కాస్త కదిలాయి.

ఆ రాత్రి దీపం పిల్ల పుస్తకం మళ్లీ తీసి, సున్నా పక్కన అర మార్కు పెట్టాను.

ఈ సంక్రాంతికి మా ఇంటికి తప్పక దయచేయండి. అరిసెలు పెడతాం, కొత్త బట్టలు పెడతాం. మా అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి మీ మీద ఆవిడకి కోపం కూడా లేదు. ఆయ్, ఎన్నాళ్లయినా ఉండండి. విత్ గారిని మాత్రం మీ ఊళ్లోనే వదిలిపెట్టి రండి.

ఇట్లు,
మీ విధేయుడు,
అరుగు మీద మాస్టారు