చూడకుండానే జర్మనీకి తరలిపోవచ్చన్న వాదన నిలిచేది కాదు

జర్మనీలో ఉద్యోగం దొరికే అవకాశమున్న తెలుగు కుటుంబాలకు వాట్సాప్ బృందాలలో ఒక సలహా పదేపదే అందుతోంది. ముందుగా వెళ్ళి చూసి రావడం డబ్బు దండగ అనీ, అక్కడి జీవితమంతా వీడియోలలో కనిపిస్తూనే ఉన్నదనీ, పది రోజుల్లో ఏ దేశమూ అర్థం కాదనీ, పర్యాటక వీసా తిరస్కరిస్తే ఉద్యోగ వీసాకూ ముప్పనీ, నచ్చకపోతే తిరిగి రావడం మన చేతిలో పనేననీ ఆ సలహా చెబుతుంది. చదువు ముగించుకొని ఒంటరిగా బయలుదేరే యువకుడికి ఇది చాలవరకు సరిపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ స్థిరమైన ఉద్యోగాలు వదులుకొని, బడి ఈడు బిడ్డతో వెళ్ళవలసిన ఇంటికి మాత్రం ఇది హాని చేసే సలహా అని నా నమ్మకం.

వీడియోల వల్ల ప్రయోజనం లేదని నేను అనను. అద్దె ఇంట్లో పొయ్యి, సింకు సహా వంటగదే ఉండకపోవచ్చుననీ, ప్రకటనలో కనిపించే కోల్డ్ రెంట్, అంటే ఒట్టి ఇంటి అద్దె, వేరు, హీటింగు వంటి ఖర్చులు కలిపి నెలనెలా కట్టే వార్మ్ రెంట్ వేరు అనీ, ఇల్లు చేరిన రెండు వారాల్లో ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించుకోవాలనీ మేము వాటి ద్వారానే తెలుసుకున్నాము. అయితే అవి సమాచారాన్ని ఇస్తాయి గాని, ఆ పరిస్థితిలో మన ఒళ్ళూ మనసూ ఎలా ఉంటాయో చెప్పలేవు. డిసెంబరు చివర హాంబుర్గ్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. పగలు ఏడున్నర గంటలకు మించదు. అదే రోజు హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు. ఈ అంకెలు నాకు ముందే తెలుసు. అయినా 2022 నవంబరులో మ్యూనిక్ శివారులో సాయంత్రం ఐదింటికి దీపాలు వెలిగిన వీధిలో నడుస్తుండగా మా ఐదేళ్ళ పాప "నాన్నా, ఇక పడుకోవాలా?" అని అడిగినప్పుడు గాని వాటి అర్థం నాకు బోధపడలేదు.

పది రోజుల్లో దేశం అర్థం కాదన్న మాట అన్నిటిలోకీ బలమైనది, కనుక దీని దగ్గర కొంచెం ఆగాలి. జూన్, జూలై నెలల్లో వెళ్ళి, కోటలూ రైన్ నదీ చూసి, స్విట్జర్లాండు మంచు కొండ ఎక్కి వచ్చే యాత్రను దృష్టిలో పెట్టుకొని ఈ మాట అంటే అది అక్షరాలా నిజం. కాని వలస గురించి నిర్ణయించుకోవడానికి వెళ్ళే ప్రయాణం అలా ఉండనక్కరలేదు. నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య, ఉద్యోగం ఉన్న ఊరికే వెళ్ళి, హోటల్లో కాక శివారులో ఒక మామూలు ఫ్లాటు తీసుకొని, ఉదయం ఎనిమిదింటికి అందరితోపాటు లోకల్ రైలెక్కి ఆఫీసు దాకా పోయి రావాలి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సూపర్ మార్కెట్లు రాత్రి ఎనిమిదింటికి మూసివేస్తారు, ఆదివారం దాదాపు తెరవనే తెరవరు. శనివారమే సరుకులు తెచ్చుకోవాలన్న సంగతి తెలిసి కూడా మేము మొదటి ఆదివారం పాలు లేకుండా గడిపాము.

అన్నిటికంటె ఎక్కువగా మాకు ఉపయోగపడినది, ముందుగా రాసి అనుమతి తీసుకొని ఒక ప్రాథమిక పాఠశాల కార్యాలయంలో మాట్లాడిన పావుగంట. జర్మనీలో చాలా రాష్ట్రాలలో నాలుగో తరగతి తరువాతే పిల్లలను వేర్వేరు రకాల బడులకు పంపుతారు. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఇది ఆరో తరగతి తరువాత జరుగుతుంది. విశ్వవిద్యాలయానికి నేరుగా దారితీసే గిమ్నాజియంలో చేరాలంటే బవేరియాలో జర్మన్, గణితం, పరిసరాల విజ్ఞానం అనే మూడు విషయాల సగటు సాధారణంగా 2.33 గాని, అంతకంటె మెరుగు గాని ఉండాలి. అక్కడ 1 అత్యుత్తమమైన గ్రేడు. కొత్తగా వచ్చిన పిల్లలకు కొంత సడలింపు ఉంది, తరువాత బడి మారే మార్గాలూ ఉన్నాయి. అయినా భాష రాని పిల్ల మూడో తరగతిలో అడుగుపెడితే ఏడాదిన్నరలోనే ఈ మలుపు ఎదురవుతుంది. ఇంటి అప్పు తీరాక, పాప మూడో తరగతికి వచ్చినప్పుడు వెళ్దామన్నది అప్పటిదాకా మా ఆలోచన.

నా భార్య దంతవైద్యురాలు. బ్లూ కార్డ్, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, పొందినవారి జీవిత భాగస్వామికి జర్మన్ పరీక్ష ధ్రువపత్రం అక్కరలేదనీ, వెంటనే ఉద్యోగం చేసుకోవచ్చనీ ఆ సలహాలు చెబుతాయి, అది నిజమే. అయితే దంతవైద్యం చేయడానికి అప్రోబాట్సియోన్ అనే వృత్తి అనుమతి కావాలి, దానికి వైద్య భాషలో సి1 స్థాయి, అంటే దాదాపు తడుముకోకుండా మాట్లాడగల స్థాయి, పరీక్ష ఉంటుంది. ఇది కాగితం మీద చదివితే తెలిసే విషయమే గాని, మందుల దుకాణంలో పాప జ్వరం గురించి చెప్పడానికి తడుముకున్న రోజున ఆమె దాని బరువును తానే అంచనా వేసుకున్నది.

ఖర్చు మాట తీసుకుంటే, జర్మనీ చూసి రావడానికి కావలసిన పర్యాటక వీసా, అంటే షెంజెన్ వీసా, రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, వీటిపైన విమాన టిక్కెట్లు, బస. ఒక కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు, అప్పు చేసి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను. కాని ఇంటి అడ్వాన్సుగా యజమాని మూడు నెలల కోల్డ్ రెంట్ దాకా అడగవచ్చు. 1,200 యూరోల ఇంటికి అదొక్కటే 3,600 యూరోలు. తప్పు ఊళ్ళో ఇల్లు తీసుకొని, వంటగది కట్టించుకొని, ఏడాదిలో మారవలసి వస్తే అయ్యే ఖర్చుతో పోల్చి చూసి అప్పుడు దండగో కాదో చెప్పాలి.

వీసా తిరస్కరణ భయంలో పొరపాటు స్పష్టంగానే ఉంది. పర్యాటక వీసాలో అధికారి ప్రధానంగా చూసేది తిరిగి వెళతారా లేదా అన్నది. బ్లూ కార్డుకు చూసేది డిగ్రీ గుర్తింపు, ఉద్యోగ ఒప్పందం, జీతం. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన రెండవది దానంతటదే మూసుకుపోదు. అడిగినచోట ఆ సంగతి దాచకుండా చెప్పాలి, అంతే. అయితే ఒప్పందంపై సంతకం చేశాక పర్యాటక వీసా అడిగితే సందేహం రావడం సహజం. అందుకే ఇక్కడి ఉద్యోగం చేతిలో ఉండగా, సెలవు పత్రంతో, సంతకానికి ముందే వెళ్ళి రావడం మంచిది.

నచ్చకపోతే తిరిగి వచ్చేయవచ్చు అన్నది నన్ను ఎక్కువగా బాధించే మాట. ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు సాధారణంగా ప్రొబేషన్. రెండు వారాల నోటీసుతో అటువారైనా ఇటువారైనా ముగించవచ్చు. చట్టం దృష్టిలో రావడం సులభమే. కాని ఈలోగా భార్య క్లినిక్ చేతులు మారి ఉంటుంది, బిడ్డ సీటు పోయి ఉంటుంది, ఊరందరికీ చెప్పి వెళ్ళినవారికి ఆరు నెలలకే తలుపు తట్టడం ఎంత కష్టమో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అందువల్ల చాలామంది రారు, నచ్చకుండానే అక్కడ ఉండిపోతారు.

మ్యూనిక్ నుంచి వచ్చిన నెలలోనే నా భార్య హైదరాబాదులోని గోథె-జెంట్రుమ్‌లో జర్మన్ తరగతులలో చేరింది. ఇంటి అప్పు సగం మిగిలి ఉండగానే, అనుకున్నదానికంటె రెండేళ్ళు ముందుగా, 2023 వేసవిలో బయలుదేరాము. ఆ సెప్టెంబరులో పాప అక్కడి ఆచారం ప్రకారం మిఠాయిలు నింపిన కాగితపు శంకువును రెండు చేతులతో పట్టుకొని, అందరికీ అక్షరాలు కొత్తే అయిన ఒకటో తరగతిలోకి నడిచింది.