రుసుము వారిది, నష్టం మనదా?

బెంగళూరులోని మారతహళ్లి వంతెన దగ్గరి సర్వీసు రోడ్డు మీద ఏ ఉదయమైనా గాజు పలుకులు కలకండ ముక్కల్లా చెదిరి కనిపిస్తే, రాత్రి అక్కడ నిలిపిన కారులోంచి ఎవరిదో ల్యాప్‌టాప్ సంచి పోయిందని ఆ చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి వచ్చి బెంగళూరులో కారు కొనుక్కున్నవారిలో ఎందరికో ఇంటి ఆవరణలో దాన్ని నిలిపే చోటు లేదు. వీధి చివర దొరికిన జాగాయే వారి షెడ్డు.

కారు తలుపుకు ఎంత గట్టి తాళం ఉన్నా పక్క అద్దం తాళం కాదన్న సంగతి చాలామందికి తట్టదు. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక అది పగిలినా ఊడి పడదు. చాలా కార్లలో పక్క అద్దాలు మాత్రం వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చిన గాజుతో చేసినవి. ప్రమాదం జరిగినప్పుడు లోపలివారికి కోసుకోకుండా మొద్దు పలుకులుగా రాలిపోవాలని వాటిని అలా తయారుచేస్తారు. దొంగకు కలిసివచ్చిందీ ఆ గుణమే. ఉండేలులో ఇనుప గోళీ పెట్టి కొడితే అద్దం రాలడానికీ, సంచి చేతులు మారడానికీ నిమిషం పట్టదు. అలారం మోగుతుంది, నిజమే; ఈ నగరంలో కారు అలారం విని కిటికీ తెరిచేవారు ఎందరు? కాబట్టి సీటు మీద సంచే కాదు, ఛార్జరు తీగ కూడా కనిపించకూడదు. డిక్కీలో పెట్టదలచినవి బయలుదేరిన చోటే పెట్టుకోవాలి గాని, హోటల్ ముందు దిగి నలుగురూ చూస్తుండగా పెడితే ఎక్కడుందో చూపించి వెళ్లినట్టే. టైరులో గాలి లేదనో, ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతోందనో, కింద నోట్లు పడ్డాయనో ఎవరైనా పిలిస్తే, తలుపులకు తాళం వేశాకే కారు వదలాలి.

కారునే ఎత్తుకుపోయే దొంగల పద్ధతి వేరు. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లలో, గుమ్మం పక్కన వేలాడే తాళంచెవి సంకేతాన్ని గోడ అవతలి నుంచి అందుకుని కారు దాకా చేరవేసే పరికరాలు వచ్చాయి. తాళంచెవిని మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో పెట్టడం, స్టీరింగుకు ఇనుప లాక్ బిగించడం పాతకాలపు పనుల్లా కనిపించినా దొంగకు ఆలస్యం తెచ్చిపెడతాయి. మన ఇళ్లలో మరో అలవాటుంది: రెండో తాళంచెవి ఊళ్లో అమ్మ బీరువాలో ఉండిపోతుంది. కారు పోయిందని క్లెయిమ్ వేసిన రోజున బీమా సంస్థ అడిగేది ఆ రెండింటినీ. ఇతరులకు జరిగిన నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే చోరీకి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా లోపల పెట్టిన ల్యాప్‌టాప్‌కు సాధారణంగా పరిహారం ఉండదు.

పోలీసు స్టేషన్‌లో 'పోగొట్టుకున్నాను' అని రాసివ్వమంటే బాధితులు ఒప్పుకోకూడదు. అద్దం పగలగొట్టి తీసుకుపోయినది చోరీ, దానికి ఎఫ్‌ఐఆర్ కావాలి. నేర దర్యాప్తు, విచారణల పద్ధతిని నిర్దేశిస్తూ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవలసిందే. ఆన్‌లైన్‌లో పంపినవారు మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే చాలు. జనం రద్దీ ఉండే సంస్థలు కెమెరాలు పెట్టి దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని కర్ణాటక 2017లోనే చట్టం చేసింది. ఆ గడువు దాటితే ఎదురుగా కెమెరా ఉన్నా ప్రయోజనం లేదు కనుక, ఫిర్యాదు నాడే ఆ దృశ్యాలను సేకరించే బాధ్యత దర్యాప్తు అధికారిదే కావాలి.

యజమాని జాగ్రత్తల గురించి ఇంత చెప్పాక, డబ్బు వసూలు చేసేవారిని వదిలేయడం న్యాయం కాదు. 'వాహనాలకు యజమానులదే పూచీ' అన్న బోర్డు వేలాడదీస్తే బాధ్యత తీరిపోయిందని పార్కింగ్ నిర్వాహకులు అనుకుంటున్నారు. ఢిల్లీలోని ఒక హోటల్ సిబ్బందికి అప్పగించిన కారు చోరీ అయిన కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఈ వాదనను అంగీకరించలేదు. తాళంచెవి తీసుకుని కారును తన అధీనంలో ఉంచుకున్న హోటల్, తగిన జాగ్రత్త తీసుకున్నామని తానే రుజువు చేసుకోవాలని, చీటీ మీది షరతు వెనక దాక్కుని తప్పించుకోజాలదని తేల్చింది. తాళంచెవి మన దగ్గరే ఉంచుకుని నిలిపే చోట్లకు ఈ తీర్పు యథాతథంగా వర్తించదు. ఆ ఖాళీని పూరించవలసింది స్థానిక పాలకులే.

2025 సెప్టెంబరులో బెంగళూరుకు అయిదు నగరపాలక సంస్థలు ఏర్పడ్డాయి. రోడ్డు పక్క పార్కింగ్‌ను వేలం వేసేటప్పుడు ఎంత ఆదాయం వస్తుందన్న లెక్కతో పాటు రాత్రి దీపం, కెమెరా, కాపలా మనిషి, నష్టం జరిగితే పరిహారం గుత్తేదారు ఒప్పందంలో ఉండాలని మేము కోరుతున్నాం. కనీసం రసీదునైనా సరిచేయాలి. ఇప్పుడు చేతిలో పెట్టే చీటీల్లో చాలావాటి మీద తీసుకున్న మొత్తం తప్ప కారు నంబరు గాని, నిలిపిన సమయం గాని, ఫిర్యాదుకు ఫోన్ నంబరు గాని ఉండదు.