మినిట్స్ రిజిస్టర్లు పాత పేపర్ల బండికి వేశారట

బెంగళూరులో మా జాలహళ్ళి వైపు కాలనీలో పెద్దల సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. సంచిక వేస్తున్నారు, సంతోషమే. అందులో సంఘం చరిత్రకి ఇచ్చింది ఒకటిన్నర పేజీ. అధ్యక్షుల పేర్లు, హాలుకి ఫ్యాన్లిచ్చిన దాతల పేర్లు, అంతే. మరి సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టిన మినిట్స్ రిజిస్టర్లేవండీ అని అడిగాను. "బీరువా ఖాళీ చేసినప్పుడు పాత పేపర్లతో పాటు వేసేశామమ్మా, అవన్నీ ఇప్పుడెవరు చదువుతారు?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను చదువుతానండీ. నాన్న కార్యదర్శిగా ఉన్నప్పటి రిజిస్టరు ఒకటి మా అటక మీద ఉండిపోయింది. అందులో ఏముందో చెప్తాను వినండి.

1953లో మెషిన్ టూల్స్ ఫ్యాక్టరీ హెచ్‌ఎంటీ, మరుసటేడు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ బీఈఎల్ వచ్చాక మన వైపు నుంచి ఎంతమంది కుర్రాళ్ళు బెంగళూరు రైలెక్కారో ఇక్కడి పాతవాళ్ళకి తెలుసు. రిటైరయ్యాక సంఘం పెట్టుకున్నదీ వాళ్ళే. నాన్న వాచీ ఫ్యాక్టరీ మనిషి. "సమావేశం 5 గంటల 7 నిమిషాలకు మొదలైంది" అని రాసేవారు. సుమారుగా అయిదింటికి అని ఒక్కచోట కూడా లేదు. ఆయన ఊరెళ్ళినప్పుడు ఇంకో మావయ్యగారు రాసేవారు. ఆయన ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకున్న మనిషి, తెలుగు అక్షరాలు రావు. అందుకని అచ్చ తెలుగు మాటల్ని కన్నడ లిపిలో రాశారు. "టీ ఖర్చు తొంభై రూపాయలు, పంచదార తక్కువైందని ఫిర్యాదు." బెంగళూరు తెలుగువాళ్ళ చరిత్ర ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

హాజరు పట్టీలో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. 14వ నంబరాయన పోయారు. ఆ వారం టీ లేదు, రెండు నిమిషాల మౌనం. తర్వాత అయిదు వారాలూ 13 సంతకం ఉంది, 15 సంతకం ఉంది, మధ్య గీత ఖాళీగా ఉంది. కొత్తగా చేరినాయనకి కూడా ఆ నంబరు ఇవ్వలేదు. ఎవరూ తీర్మానం చేసినట్టు రాసిలేదు, ఊరికే అలా వదిలేశారు. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

2008లో ఒక సమావేశమంతా తల్లిదండ్రుల పోషణ చట్టం మీదే. 2007 చట్టం, అప్పటికి కొత్తది. అందులో 23వ సెక్షన్‌ని నాన్న చదివి వినిపించారట. పిల్లలకి ఆస్తి రాసిచ్చేటప్పుడు, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దానపత్రంలోనే రాయించుకుంటే, వాళ్ళు చూడకపోతే ఆ దానం రద్దు చేయించుకోవచ్చు. కింద ఎర్ర సిరాతో "షరతు తప్పక రాయించాలి" అని రెండు గీతలు కొట్టారు. పక్కన పెన్సిలుతో, వేరే దస్తూరీలో, "నేను రాయించలేదు" అని ఉంది. ఎవరో తెలీదు. ఆ మనిషికి తర్వాత ఏమైందో తర్వాతి రిజిస్టర్లలో ఉండే ఉంటుంది. అవి బండికెక్కాయి.

ఇంకొకటి. ఏటా తిరుపతికి రైల్లో కలిసి వెళ్ళేవాళ్ళు. మగవాళ్ళకి 60 దాటితే 40 శాతం, ఆడవాళ్ళకి 58 దాటితే 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనాతో పాటే అదీ ఆగింది. అప్పుడు వీళ్ళేం అనుకున్నారు? అర్జీ ఏమైనా పెట్టారా? ఇదంతా రాసే ఉంటారు, నిమిషాలతో సహా.

చోటు లేదంటున్నారు. రిజిస్టర్లన్నీ కలిపినా ఒక చెక్కపెట్టెలో పడతాయి. ఫ్యాన్లిచ్చినవాళ్ళ పేర్లు పాలరాయి మీద చెక్కించడానికి చోటుందిగా, అరవయ్యేళ్ళు దాటాక కూడా వారంవారం వచ్చి సంతకం పెట్టినవాళ్ళకి లేదా? వాళ్ళ మాటలు పారేసే హక్కు కమిటీకి ఎవరిచ్చారు? కోపంతోనే అడుగుతున్నాను.

సంచిక ఇంకా ప్రెస్సుకి వెళ్ళలేదు. మీ ఇళ్ళలో అమ్మానాన్నల దగ్గర సంఘం కాగితం ముక్క ఏదున్నా సరే, టూర్ లెక్క, టీ చీటీ, గ్రూప్ ఫోటో, తీసుకురండి. ఆదివారం సాయంత్రం అయిదింటికి హాల్లో ఉంటాను. స్కానర్ నేనే తెస్తాను, అక్కడికక్కడే మీ కాగితం మీకిచ్చేస్తాను. కన్నడ లిపిలో ఉంటే ఇంకా మంచిది, అది చదివిపెట్టడానికి మా అత్తగారు వస్తానన్నారు.