బోర్డు మీద ఖాళీ జాగా

నెల్లూరు జిల్లా రాతి, రాగి శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి గార్లు వెతికి వెతికి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. మహానుభావులు తొందరపడ్డారు. ఇంకో అరవై ఏళ్లు ఓపిక పట్టి ఉంటే కందుకూరులో మా వీధి టిఫిన్ హోటల్ రేకు బోర్డు కూడా వాళ్ల కంట పడేది. ఆ లోటు పూడ్చే భారం, ఇరవై ఏళ్లుగా అక్కడ కారం దోశ తింటున్న పరిశోధకుడిగా, నా నెత్తిన పడింది.

ఈ వంశంలో ఇప్పటికి ముగ్గురు రాజులు గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. మూలపురుషుడి కాలానికి రాతపూర్వక ఆధారాల్లేవు. 1957లో నయా పైసలు వచ్చినప్పుడు అణాకి ఆరు పైసలా, ఆరుంపావా అని గల్లా దగ్గర పడ్డ తగాదా మాత్రం మా వీధి ముసలాళ్ల నోట్లో ఇంకా నడుస్తోంది. ఆ పావు పైసా ఎటు పోయిందో తేలలేదు. రెండో రాజు రుబ్బురోలు తీసేసి గ్రైండర్ పెట్టాడు. పాత గిరాకీ సంతాపసభ పెట్టినంత పని చేసి, మర్నాడు చట్నీ రెండు గరిటెలు ఎక్కువే వేయించుకుంది.

అసలు చరిత్రంతా బోర్డు మీద, అడ్రసు చివర ఉంది. మొదట అక్కడ ‘నెల్లూరు జిల్లా’ అని ఉండేది. 1970 ఫిబ్రవరి 2న మమ్మల్ని తీసుకెళ్లి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు. పెయింటర్‌కి కబురు వెళ్లింది. రెండేళ్లకే, 1972లో, దానికి ప్రకాశం పేరు పెట్టారు. తెల్లవాడి తుపాకీకి గుండె చూపించిన పంతులు గారి మీద ఎవరికి కోపం ఉంటుంది? కోపమంతా పెయింటర్ బిల్లు మీదే.

పెయింటర్ అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు. నెల్లూరు మూడక్షరాలు, ఒంగోలు మూడే, ప్రకాశమూ మూడే. అంటే అప్పటి ప్రభుత్వాలకు చిన్న వ్యాపారుల మీద కాస్త దయ ఉండేదని మనం గ్రహించాలి. 2008లో నెల్లూరు ముందు శ్రీ పొట్టి శ్రీరాములు గారి పేరు చేరినప్పుడు, మనది ప్రకాశం కదా, మనకేం అనుకున్నారు హోటల్ వాళ్లు. 2022 ఏప్రిల్ 4న కందుకూరు మళ్లీ నెల్లూరులో పడి, 2025 చివరిదాకా అక్కడే ఉంది.

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. పది అక్షరాలు! పూర్తిగా రాయాలంటే బోర్డు మీద ‘కారం దోశ’ చెరిపెయ్యాలి. 58 రోజులు అన్నం మాని ప్రాణమిచ్చిన మహనీయుడి కోసం దోశ పేరు వదులుకోవడంలో న్యాయం లేకపోలేదు. కానీ మూడో రాజు లెక్కల మనిషి. పాత పేరు మీద తెల్ల రంగు పూయించి, ‘జిల్లా’ అన్న రెండక్షరాలు ఉంచి, ముందు జాగా ఖాళీగా వదిలేశాడు.

“ఇదేంది, ఏ జిల్లా మీది?” అన్నాడు ఆ రోజుల్లో బస్సు దిగి వచ్చిన ఒకాయన.

“మీదే ఊరన్నా?”

“ఒంగోలు.”

“అయితే ప్రకాశమే అనుకో. కారం ఎక్కువ వేయించమంటావా?”

ఆ వారమే వాన పడింది. తెల్ల రంగు ఒకచోట పొరలా లేచి, కిందినుంచి నల్లటి సున్నా ఒకటి బయటపడింది. అది ఒంగోలులో సున్నానో, ప్రకాశం చివర సున్నానో తేల్చడానికి కుర్చీ ఎక్కి దగ్గరగా చూశాను. తేలలేదు. అప్పటికి మా హోటల్ సున్నా జిల్లాలో ఉంది.