కర్టెన్ గుడ్డకి ఇరవై వేలు, రాడ్డుకి మూడొందలా?

మొన్న రాత్రి రెండింటికి హాల్లో ధడేల్‌మని సౌండ్. దొంగలేమో అనుకుని మా ఆయన ఫోన్ టార్చ్ వేసుకుని వెళ్లి చూస్తే బాల్కనీ డోర్ కర్టెన్ రాడ్డు మొత్తం కింద ఉంది, సోఫా మీద కర్టెన్లు కుప్ప, టైల్స్ మీద ముగ్గుపిండి ఒలికినట్టు తెల్లటి పొడి. బ్రాకెట్ చేతిలోకి తీసుకుంటే స్క్రూ, దాని చుట్టూ ప్లాస్టిక్ ప్లగ్గు అట్లాగే ఉన్నాయి, గీత కూడా పడలే, పాలపన్ను ఊడినంత నీట్‌గా గోడలోంచి వచ్చేసింది. మా అత్తయ్య లేచి చూసి "పోనీలేమ్మా, ఎవరి నెత్తినా పడలేదు" అని మళ్లీ పడుకున్నారు. నాకే తెల్లారేదాకా నిద్ర లేదు, కోపంతో.

కోపం ఎవరి మీదంటే సగం నా మీదే. గృహప్రవేశానికి ముందు కర్టెన్ గుడ్డ కోసం మూడు ఆదివారాలు తిరిగాం, మెరూనా మస్టర్డా అని ఫ్యామిలీ గ్రూపులో ఓటింగ్ కూడా పెట్టా, నవ్వకండి. రాడ్డు సంగతి వచ్చేసరికి షాపతను "రాడ్డుదేముంది మేడం, మేమే వేసేస్తాం, ఫిట్టింగ్ ఫ్రీ" అన్నాడు, నేను తలూపేశా. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరం ఆడటమంటే ఇదే. అసలు ఎంత బరువుందో చూద్దామని ఆ నాలుగు కర్టెన్లని లగేజ్ తూకం కొక్కేనికి వేలాడదీస్తే ఆరు కిలోల పైచిలుకు! వెలుతురు రానివ్వని మందపాటి బ్లాకౌట్ గుడ్డ కదా. దాన్ని రోజుకి రెండుసార్లు లాగుతాం, పైగా మావాడు దాని వెనక దాక్కుని ఊగుతాడు.

సరే, ఇప్పుడు అసలు విషయం. హైదరాబాద్‌లో మియాపూర్, బాచుపల్లి, తెల్లాపూర్ వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చాలావాటిలో గోడలు ఎర్ర ఇటుక కాదు, లైట్ వెయిట్ బ్లాకులు. లోపల అంతా చిన్న చిన్న గాలి బుడగలే, బ్రెడ్ లాగా. దాంట్లో మామూలు ఇటుక గోడకి వాడే చిన్న ప్లగ్గు పెడితే పట్టు ఉండదు, పైగా డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో పెట్టి దంచేస్తే బొక్క ఇంకా పెద్దదైపోద్ది. హ్యామర్ ఆపేసి మెల్లగా తిప్పాలి, ప్లగ్గు పొడుగుది వెయ్యాలి, ఈ బ్లాకుల కోసమే చేసినవి దొరుకుతాయి. లేదంటే కిటికీ పైన లింటెల్ ఉంటుంది కదా, కాంక్రీటు, దాంట్లో దిగితే ఇక ఊడదు. మా ఫిట్టింగ్ అబ్బాయి ముందు అక్కడే మొదలుపెట్టాడు, బిట్టు దిగట్లేదని నాలుగు అంగుళాలు పైకి జరిగి "ఇక్కడ మస్తు ఈజీగ దిగుతుందక్కా, ఏం గాదు" అన్నాడు. ఈజీగా దిగింది. ఈజీగా వచ్చింది కూడా.

తర్వాత రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపాయన దగ్గర అరగంట కూర్చుంటే తెలిసింది నేను ఎంత అమాయకంగా మోసపోయానో. పడిపోయిన రాడ్డు ముక్క చూపిస్తే అయస్కాంతం పెట్టాడు, టప్‌మని అతుక్కుంది. స్టీలని చెప్పి పూత వేసిన ఇనుము ఇచ్చారన్నమాట, పైన పటారం లోన లొటారం. కోసిన చివర చూస్తే రేకు డబ్బా మందం కూడా లేదు. (అతుక్కోకపోతే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే 304 గ్రేడ్, అనేసుకోకండి, చవకగా వచ్చే 202 గ్రేడ్ స్టీలు కూడా సరిగ్గా అతుక్కోదు. అది అడిగి బిల్లు మీద రాయించుకోవాల్సిందే.)

పైగా మాది 19 ఎంఎం రాడ్డు, ఎనిమిదడుగుల పొడుగు, రెండు చివర్లా రెండు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు. పడకముందే అరటిగెల వేసిన చెట్టులా వంగిపోయి ఉండేది, మేమే పట్టించుకోలేదు. రేకు మందం అంతే ఉన్నా 25 ఎంఎం తీసుకుంటే రెండు రెట్ల పైనే గట్టిగా ఉంటుంది. ఇంకోటి, బ్రాకెట్ల మధ్య దూరం డబుల్ అయితే వంగుడు డబుల్ కాదు, పదహారు రెట్లు! ఇంజనీరింగ్ చదివిన మా ఆయన ఇది రాడ్డు పడ్డాక చెప్పాడు, పడకముందు చెప్పొచ్చుగా. అందుకే ఐదారడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్ అడగండి. కాకపోతే రింగుల కర్టెన్లు ఆ మధ్య బ్రాకెట్ దాటి వెళ్లవు, కాబట్టి అటు రెండు ఇటు రెండు వేసుకోవాలి. చివరి రింగుని బ్రాకెట్‌కి అవతల, బుడిపె వైపు వెయ్యమనండి, లాగినప్పుడు కర్టెన్ మొత్తం జరిగిపోదు.

కొలత దగ్గర కూడా అందరం చేసే తప్పే. డోర్ ఎనిమిదడుగులుందని రాడ్డూ ఎనిమిదే వేశారు. తెరిచినా కర్టెన్లు సగం అద్దం మీదే కూర్చుంటాయి, మూసినా పక్కల్లోంచి సాయంత్రం ఎండ టీవీ మీదకే. మాది పడమర ముఖం, మే నెలలో ఆ హాలు గురించి చెప్పక్కర్లేదు. అటూ ఇటూ ఓ ఎనిమిది అంగుళాలు బయటికి పోవాలి. దోమల మెష్ లోపలికి తెరుచుకునేదైతే బ్రాకెట్ ఎంత ముందుకొచ్చిందో కూడా చూసుకోండి, మా చెల్లి వాళ్లింట్లో మెష్ తెరవాలంటే కర్టెన్ ఎత్తి భుజాన వేసుకోవాలి.

అద్దె ఇళ్ల వాళ్లు, మేకు కొడితే అడ్వాన్స్‌లో కోస్తా అనే ఓనర్ ఉంటే, చిన్న కిటికీకి స్ప్రింగ్ రాడ్డు (మేకుల్లేకుండా రెండు పక్కలా బిగుసుకుని నిలబడేది) చాలు, పల్చటి గుడ్డ వేసుకోండి. బాల్కనీ డోర్‌కి మాత్రం దాన్ని నమ్మకండి.

ఇప్పుడు తొమ్మిదిన్నర అడుగుల రాడ్డు, 25 ఎంఎం, మూడు బ్రాకెట్లు, అన్నీ లింటెల్లోనే. డోర్‌కి అవతల కూడా లింటెల్ కొంచెం పోయి ఉంది కాబట్టి సరిపోయింది. రాడ్డు లిఫ్టులో పట్టక బిగించడానికొచ్చినతను ఐదు ఫ్లోర్లు మెట్ల మీదే మోసుకొచ్చాడు పాపం, టీ రెండుసార్లు ఇచ్చా. పైన పాత బొక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి, పుట్టీ పెడితే రంగు కలవదు, గోడ మొత్తం వెయ్యాలంటాడు పెయింటర్. మా అత్తయ్య రెండు ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు ముడేసి ఆ బొక్కల్లోనే మేకులు గుచ్చి కట్టేశారు, దానికి బరువేముంది. వచ్చినవాళ్లంతా కర్టెన్లు వదిలేసి తోరణం ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు.