సంజ్ఞా భాష నేర్పకుండా సహిత విద్య ఎలా?

విశాఖపట్నంలో బీఈడీ, డీఎల్ఎడ్ చదువుతున్న ఛాత్రోపాధ్యాయుల్లో ఎవరిని అడిగినా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలను తడుముకోకుండా చెబుతారు. సహిత విద్య (దివ్యాంగ పిల్లలను తక్కిన పిల్లలతో కలిపి చదివించడం) పేపర్‌లో బధిర విద్యార్థుల అవసరాలపై పేజీన్నర వ్యాసం కూడా రాస్తారు. బడిలో పాఠాలు చెప్పే ఇంటర్న్‌షిప్‌లో ఒక బధిర బాలిక ఎదురైతే మాత్రం "నీ పేరేమిటి?" అని ఆమె భాషలో అడగలేరు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. రెండేళ్ల శిక్షణలో ఆ కాస్త నేర్పే పీరియడ్ నేను చూసిన ఏ టైంటేబుల్‌లోనూ లేదు.

ఇంటర్న్‌షిప్ పరిశీలనకు వెళ్లినప్పుడు నాకు తరచుగా కనిపించేది ఇదీ. పాఠం చెబుతున్న అమ్మాయి బోర్డు వైపు తిరిగి రాస్తూనే వివరిస్తూ ఉంటుంది. ముందు బెంచీలో కూర్చున్న బధిర విద్యార్థినికి ఆమె జడ తప్ప ముఖం కనిపించదు. ఇటు తిరిగి చెప్పినా ఒరిగేది అంతంతమాత్రమే. మాట, పాట, బాట అనే మూడు పదాలను అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా పలికి చూడండి, పెదవుల కదలికలో తేడా ఏమీ తెలియదు. క, గ వంటి అక్షరాలైతే పెదవుల దాకా రానే రావు. అందుకే ఆ పిల్ల పక్కనున్న అమ్మాయి నోట్సును ముత్యాల్లాంటి అక్షరాలతో, మార్జిన్ గీతలతో, పక్కమ్మాయి చేసిన అక్షర దోషాలతో సహా దించుకుంటుంది. "ఎంత బుద్ధిగా రాసుకుంటుందో చూడండి" అని క్లాస్ టీచర్ మెచ్చుకుంటారు. అందులో ఒక వాక్యాన్ని వేలితో చూపించి అర్థమైందా అని అడిగితే, ఆమె మన ముఖంలోకి చూసి, మనకు ఏ జవాబు కావాలో పసిగట్టి, తలూపుతుంది.

బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. అంటే తక్కిన పిల్లలకు ఇంట్లోనే దొరికే భాష వీళ్లలో చాలామందికి బడిలోనే దొరకాలి. సైగలు అలవాటైతే ఇక మాట రాదన్న భయం మన దగ్గర ఇంకా పోలేదు. 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఇదే ధోరణిలో, బధిరుల చదువులో నోటి మాటకే పట్టం కట్టాలని తీర్మానించింది. ఆ తీర్మానాలను తిరస్కరిస్తున్నామని, వాటివల్ల జరిగిన హానికి విచారిస్తున్నామని 2010లో వాంకూవర్‌లో కూడిన అంతర్జాతీయ మహాసభ ప్రకటించడానికి 130 ఏళ్లు పట్టింది. వినికిడి యంత్రాలకో, శస్త్రచికిత్సతో చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్లకో నేను వ్యతిరేకిని కాను. అవి పెట్టుకున్న పిల్లలకు కూడా సంజ్ఞా భాష అడ్డం రాదు.

సరుకు లేదనే సాకు ఇప్పుడు చెల్లదు. సంజ్ఞా భాషలో అర్హత గల ఉపాధ్యాయులకు, వారిలో దివ్యాంగులకు కూడా, శిక్షణ ఇచ్చి నియమించాలని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. భారతీయ సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణీకరించాలని, స్థానిక సంజ్ఞలనూ గౌరవించాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెబుతోంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాల వీడియో నిఘంటువును తెచ్చింది. పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి మార్చేందుకు 2020లోనే ఎన్‌సీఈఆర్టీతో ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో సంజ్ఞా భాష కోసమే పీఎం ఈ-విద్య 31వ టీవీ ఛానల్ మొదలైంది. అయితే నిఘంటువు చేతిలో ఉన్నంత మాత్రాన భాష రాదు. ప్రశ్నార్థక పదం వాక్యం చివరికి వెళ్లడం, అవును-కాదు ప్రశ్నకు కనుబొమలు పైకి లేవడం మొదలైనవి ఆ భాష వాడే మనిషి ఎదురుగా కూర్చుంటేనే పట్టుబడతాయి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల సిబ్బంది ఉన్నారు కదా అంటారా? మండలంలోని అన్ని రకాల ప్రత్యేక అవసరాల పిల్లలనూ చూసుకోవాల్సిన వారు ప్రతి తరగతి గదిలో, ప్రతి పీరియడ్‌లో ఉండలేరు.

నాకు ఇంతకంటే ఎక్కువ కోపం తెప్పించేది మరొకటి ఉంది. ఏటా ప్రాక్టికల్స్ కోసం మన ఛాత్రోపాధ్యాయులు నిద్ర మానుకుని తయారుచేసే టీఎల్ఎం (బోధనోపకరణాలు), అంటే ఆ చార్టులు, థర్మాకోల్ గుండెలు, అట్టముక్కల జలచక్రాలు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సంతకం పడగానే అటక ఎక్కుతాయి. మరుసటి బ్యాచ్ మళ్లీ అదే జలచక్రాన్ని అట్టముక్కతో మొదలుపెడుతుంది. ఆ శ్రమలో సగం పెట్టి ఒక్కొక్కరు ఒక్కో పాఠానికి మూడు నిమిషాల సంజ్ఞా భాష వీడియో చేస్తే, అడుగున తెలుగు అక్షరాలు వేస్తే, తరగతి, పాఠం పేరుతో ఒకేచోట భద్రపరిస్తే, పెందుర్తి బడిలోని టీచర్‌కూ భీమిలి బడిలోని టీచర్‌కూ అదే వీడియో అందుతుంది. స్టూడియో అక్కర్లేదు. వెనక ఖాళీ గోడ, చేతుల రంగులో కలిసిపోని చొక్కా, ముఖం మీద పడే వెలుతురు, నడుము నుంచి తల పైవరకు ఫ్రేములో చేతులు తెగిపోకుండా నిలబెట్టిన ఫోన్ చాలు. కిటికీకి వీపు పెట్టి తీసిన వీడియో మాత్రం పనికిరాదు, కనుబొమలు చీకట్లో కలిసిపోతాయి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఉత్సాహం కొద్దీ వినగలిగినవాళ్లు తమకు తోచిన సైగలు కల్పించి పాఠాలు చేసేస్తే, పిల్లల నెత్తిన ఎవరికీ అర్థంకాని భాషను రుద్దినట్టు అవుతుంది. కాబట్టి బధిరులైన పెద్దలు చూసి సరేనన్న తర్వాతే ఏ వీడియో అయినా ఆ భాండారంలోకి వెళ్లాలి. డాల్ఫిన్ నోస్‌కో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కో ఇక్కడి బధిరులు తమలో తాము ఏ సంజ్ఞ వాడుతున్నారో వాళ్లను అడిగే తెలుసుకోవాలి.

అడిగినందుకు వాళ్లకు డబ్బు ఇవ్వాలి. సంజ్ఞా భాషా బోధనలో డిప్లొమా బధిరుల కోసమే ఉంది, ఆ అర్హత గలవారిని పిలిచి శాలువా కప్పి టిఫిన్ పెట్టి పంపించడం మర్యాద అనిపించుకోదు. అతిథి అధ్యాపకులకు గంటకు ఎంత ఇస్తున్నామో వారికీ అంతే ఇవ్వాలి. ఒక్క కళాశాల భరించలేకపోతే మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా నాలుగైదు కళాశాలలు కలిసి ఒకే శిక్షకుడిని నియమించుకుని వారంలో ఒక్కో రోజు పంచుకోవచ్చు. భీమిలి డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) కూడా కలిస్తే మరీ మంచిది. వచ్చే ఇంటర్న్‌షిప్‌లోగా దీనికి సిద్ధపడే ప్రిన్సిపాళ్లు ఉంటే, టైంటేబుళ్లు సర్దే పని నేను చేస్తాను.